నగీమా వదినా, నిద్రమొహం చెట్లూ

మా వదిన కాపురానికొచ్చి వారం తిరక్కుండానే ఊరికి మంచి కాలక్షేపం దొరికింది. ఆవిడ బళ్లో జీవశాస్త్రం చెప్పే పంతులమ్మ. మా ఊరేమో జుంగార్ కొండల కింద, అడవి ఆపిల్ చెట్లు కమ్ముకున్న లోయ మొగదల ఉంది. మా నాన్న పేరు అల్మాబెక్. మా భాషలో అల్మా అంటే ఆపిలే. కోడలు మామగారి పేరు నోట పలక్కూడదు, ఆ పేరులో ఉన్న మాట కూడా పలక్కూడదు. ఇక చూడండి ఆవిడ తిప్పలు.

మొదటి రోజే పిల్లల్ని లోయలోకి తీసుకెళ్లి ఒక చెట్టు చూపించి, "ఇది... ఎర్రగా, గుండ్రంగా ఉంటుందే, కొరికితే కరకరలాడుతుందే, అది కాసే చెట్టు" అందట.

"ఎర్ర ముల్లంగా టీచర్?" అన్నాడట వెనకనించి ఒకడు.

సాయంత్రానికల్లా ఊరంతా ఆపిల్ని ముల్లంగి అనడం మొదలెట్టారు. అంతటితో అయిందా? అప్పటి రాజధాని పేరు అల్మా-అతా. బస్సెక్కి టికెట్టు కొనాలన్నా ఆవిడకి గండమే. "ఆ పెద్ద ఊరికి ఒకటివ్వండి" అనేది. కండక్టరు కావాలని, "ఏ పెద్ద ఊరమ్మా? మాస్కోకా?" అనేవాడు. బస్సంతా నవ్వేది, ఆవిడ కూడా నవ్వేది.

నేను ఆవిడకి ఆడపడుచుని, కుల్పాష్‌ని. ఇద్దరిదీ ఒకటే ఈడు. నేను సర్కారు తోటలో పనికి వెళ్లేదాన్ని. అమ్మ పోయి అప్పటికే చాలా కాలమైంది. ఇంట్లో నాన్న, నేను, అన్నయ్య యెర్గాజీ. అన్నయ్య ట్రాక్టరు నడిపేవాడు, నడపనప్పుడు నిద్రపోయేవాడు. ఇంత చురుకైన పిల్ల ఈ నిద్రమొహాన్ని ఏం చూసి చేసుకుందా అని నాకు వింతగా ఉండేది. ఒకసారి అడిగేశాను.

"మీ అన్నయ్య నా మాటకి ఎప్పుడూ అడ్డు రాడు గారాలమ్మా," అంది. "నిద్రలో ఎవరడ్డొస్తారు?"

ఆడపడుచు పేరు కూడా పలక్కూడదు కదా, అందుకని నాకు గారాలమ్మ అని పేరు పెట్టింది. తెల్లారకముందే లేచి ఆవుపాలు పితికి తోటకి పరిగెత్తే దాన్ని, నాకు గారాలెక్కడివి? ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పటికీ ఊళ్లో సగంమందికి నా అసలు పేరు తెలీదు.

వదిన ఇర్తిష్ నది అవతల పుట్టింది. తండ్రి యుద్ధంలో పోయాడు, తల్లి ఆ తరవాత ఎంతో కాలం బతకలేదు. పిల్ల సర్కారు వారి అనాథ బడిలో పెరిగింది. మాలో ప్రతి మనిషికీ ఏడు తరాల తాతల పేర్లు నోటికి రావాలి. రాకపోతే వాణ్ని దిక్కులేనివాడంటారు. వదినకి వచ్చింది తండ్రి పేరొక్కటే. పెళ్లికి ముందు నాన్న దీని గురించే తటపటాయించాడు. ఏడు తరాల లోపు చుట్టరికం ఉంటే మాలో పెళ్లి కుదరదు. చివరికి, "అంత దూరాన పుట్టిన పిల్లకి మనతో చుట్టరికం ఎక్కడుంటుందిలే" అని తనకి తనే సర్ది చెప్పుకున్నాడు.

ఆ చుట్టరికం గొడవ మళ్లీ లేచింది. ఈసారి దాన్ని తెచ్చింది కోతి.

ఒక సాయంత్రం టీనీళ్లు కాచే సమోవారు చుట్టూ కూర్చున్నాం. వదిన టీ పోస్తోంది. నాన్న గిన్నె అందుకుంటూ మెల్లిగా మొదలెట్టాడు.

"కోడలుపిల్లా, బళ్లో పిల్లలకి మా తాత కోతి అని చెబుతున్నావట?"

"మీ తాత అని చెప్పలేదు మావయ్యా. అందరి తాతల గురించీ చెప్పాను."

"అందరిలో నేను లేనా?" అని నాన్న వేళ్లు మడుస్తూ ఏడుగురి పేర్లూ వరసగా గడగడా చదివాడు. "ఇందులో కోతి ఎక్కడుందో చూపించు. పైగా నేను పుట్టి బుద్ధెరిగి కోతిని కళ్లతో చూడలేదు. చూడని చుట్టాన్ని ఎలా ఒప్పుకోను?"

"ఆ ఏడో ఆయనకి తండ్రి ఉండే ఉంటాడు కదా మావయ్యా?"

"ఉంటాడు."

"ఆయనకి?"

"ఉంటాడు. ఎటు లాక్కెళ్తున్నావో నాకు తెలుస్తోంది."

"అలా పోతూనే ఉండండి. మీ మంద ఒక ఎండాకాలంలో మేసే గడ్డిపోచలెన్నో అంతమంది తాతల్ని దాటి వెళ్లండి. అక్కడొకాయన కూర్చుని ఉంటాడు. మనిషీ కాదు, కోతీ కాదు. ఆయనకి చాలామంది పిల్లలు. ఒకరి సంతానం అటు పోయి కోతులయ్యారు, ఒకరి సంతానం ఇటొచ్చి మనమయ్యాం. కోతి మనకి తాత కాదు, జ్ఞాతి."

నాన్న టీ చప్పరించాడు. "దూరపు జ్ఞాతే అన్నమాట."

"బాగా దూరం. పెళ్లిళ్లకి పిలవక్కర్లేదు."

అన్నయ్యకి నవ్వొచ్చి టీ పొలమారింది. నాన్న మాత్రం నవ్వలేదు. గిన్నె కింద పెట్టి అడిగాడు. "నీ ఏడుగురు ఎవరో తెలీదని నీకు బెంగగా ఉండదా తల్లీ?"

వదిన ఇంకో గిన్నెలో టీ పోసింది. "చిన్నప్పుడుండేది మావయ్యా. తక్కిన పిల్లలు పేర్లు అప్పజెబుతుంటే నేను గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. తరవాత ఈ శాస్త్రం చదివాను. ఏడుగురి పేర్లు తెలియకపోతేనేం, ఏడు లక్షల మంది ఎలా బతికారో తెలుసుకుంటున్నా కదా అనిపించింది."

"అయితే ఆ ముసలాయన దగ్గర మనిద్దరం కూడా చుట్టాలమేగా?"

"చుట్టాలమే."

"అయ్యో, మరి పెళ్లి చేసేశామే!" నాన్న గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏడు తరాలకి చాలా అవతలలెండి. అడ్డు లేదు."

అప్పుడు నవ్వాడు. మా నాన్న నవ్వితే పక్కింటి కుక్క మొరిగేది. ఆ రోజు చాలాసేపు మొరిగింది.

కోతి గొడవ సద్దుమణిగేలోపే ఎలుగుబంటి గొడవొచ్చింది. కోత కాలంలో ఎలుగులు లోయ పైభాగంలో దిగి పళ్లు తింటాయి. వదిన ఒక ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని వెళ్లి ఎలుగుల పేడ బుట్టలో ఏరుకొచ్చింది. ఊరి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మా ఎదురింటి పెద్దమ్మ నన్ను పట్టుకుని, "ఏమే కుల్పాషూ, మీ ఇంట్లో ఆవుపేడ అయిపోయిందా?" అంది.

వదిన ఆ పేడని నీళ్లలో కడిగితే గింజలు తేలాయి, ఒక్కటీ నలగకుండా. బడి వెనక ఏటవాలులో వాటిని నాటించింది. పిల్లలకి చెప్పిందే ఇంటికొచ్చి మాకూ చెప్పింది. ఎలుగు వంద చెట్ల కింద వాసన చూసి, తియ్యగా పెద్దగా ఉన్నవాటి దగ్గరే ఆగుతుంది. పుల్లటివీ చేదువీ దానికి పట్టవు. తిన్నవాటి గింజలు ఎక్కడో దూరంగా, ఎరువుతో సహా నేలలో పడతాయి. అక్కడ లేచిన చెట్లలో తల్లిలాంటి తీపి కొన్నింటికి వస్తుంది. మళ్లీ ఎలుగు వాటి దగ్గరే ఆగుతుంది. ఇలా ఎన్ని వేల ఏళ్లు జరిగిందో. మన లోయలో ఇంత తియ్యటి పళ్లు కాస్తున్నాయంటే ఎవరో తోటమాలి వచ్చి పెంచలేదు, ఎలుగుల నాలుకలు పెంచాయి అంది.

"ఎలుగుకి ఆ సంగతి తెలుసా?" అన్నాడు నాన్న.

"దానికేం తెలుసు? దానికి ఆకలేసింది, అంతే."

నాటిన గింజలు లేచాయి. నేను రోజూ తోటకి వెళ్తూ చూసేదాన్ని. ఒకే బుట్టలోంచి వచ్చిన గింజలు, ఒకదానిలా ఇంకోటి లేదు. ఒకటి నిటారుగా ఎదిగింది, ఒకటి నేలబారున పాకింది, ఒకదానికి ముళ్లు, ఒకదానికి ఎర్రటి ఆకు. కొన్ని మంచు కరగ్గానే చిగిర్చేవి. కంచె మూల ఒక గుంపు ఉండేది, అన్నీ పచ్చబడ్డాక, ఇక ఇవి చచ్చాయిలే అనుకుంటుండగా ఒళ్లు విరుచుకుంటూ చిగుళ్లు వేసేవి. పిల్లలు వాటికి యెర్గాజీలు అని పేరు పెట్టారు. అన్నయ్యకి తెలిసి కోపమొస్తుందేమో అనుకున్నాం. "మంచి పేరే" అని మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే జీవశాస్త్రం పుస్తకాలు మారాయి. అంతకుముందు వదిన చదువుకున్నదీ, పిల్లలకి చెప్పిందీ ఇంకోలా ఉండేది. ఒక మొక్కని చలికి అలవాటు చేస్తే ఆ అలవాటు దాని రక్తంలో ఇంకి పిల్లలకి కూడా వస్తుందనేవారు. పై చదువుల్లో అదే చెప్పారు, పరీక్షల్లో అదే రాయించారు. ఇప్పుడు కొత్త పుస్తకంలో అలా రాదని ఉంది. వదిన కొన్నాళ్లు అన్నం సయించక తిరిగింది. ఏది నిజమో తనకి తనుగా తేలాలి కదా.

తేలింది మా గొర్రెల దొడ్లో. వసంతంలో గొర్రెపిల్లల చెవులకి గంట్లు పెడుతున్నాం. ప్రతి ఇంటి మందకీ ఒక గుర్తు ఉంటుంది, మాది ఎడమ చెవి కొసన చిన్న కత్తిరింపు. వదిన పిల్లల్ని పట్టుకుంటోంది, నాన్న కత్తి పట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఆవిడ చేతిలో పిల్లని అలాగే ఉంచి అడిగింది.

"మావయ్యా, ఈ గంటు ఎన్నాళ్లనించి పెడుతున్నారు?"

"మా తాత తాత నాటిది."

"అన్ని తరాలు కోశారు కదా, ఒక్క పిల్లయినా కోసిన చెవితో పుట్టిందా?"

"పుడితే నాకీ పని తప్పేది కాదూ?" అన్నాడు నాన్న. "ఆ పిల్లని ఇలా ఇవ్వు, తన్నుతోంది."

వదిన గడ్డి మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. గొర్రెపిల్ల పారిపోయింది. మర్నాడు బళ్లో చెవుల సంగతి చెప్పి, పోయినేడు నేను చెప్పింది తప్పు అని పిల్లల ముందు ఒప్పుకుంది. పుట్టుకతో వచ్చిన తేడాలే పిల్లలకి పోతాయి, బతుకులో తగిలిన గంట్లు పోవు అంది. ఒక పిల్ల లేచి, "అయితే మేం పోయినేడు పరీక్షలో రాసిందంతా తప్పేనా టీచర్?" అని అడిగిందట. "మీది తప్పు కాదు, నాది. మార్కులు మాత్రం వెనక్కి తీసుకోను" అందట.

మా సర్కారు తోట డైరెక్టరు దౌలెత్‌ఖాన్‌కి మాత్రం పాత పాఠమే ఇష్టం. చెడ్డమనిషి కాదు. లావుగా, గొంతు గంటలా ఉండి, ఏ విందులోనైనా మొదటి పాట ఆయనే పాడేవాడు. తోటంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే వచ్చింది చిక్కు. లోయలోని అడవి చెట్లన్నీ నరికించి, దక్షిణం నించి తెచ్చిన మేలురకం అంట్లు వేయించాలని పూనుకున్నాడు. కింది సగం అప్పటికే నరికి నాటేశాం. నేనే నా చేతులతో ఎన్ని గుంతలు తవ్వానో. ఇక పైసగం గురించి ఊరందర్నీ క్లబ్బులో సమావేశపరిచాడు.

"పుల్లకాయలు ఎలుగులకి వదిలేద్దాం! మనం ఒక్కొక్కటి పిడికిలంత పండు పండిద్దాం!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. "చలంటారా? ఒక శీతాకాలం ఆరుబయట పెట్టి గట్టిపరిచాం. ఇక వాటికి చలి అలవాటే."

వదిన లేచి నిలబడింది. "గట్టిపరిస్తే పుట్టుక మారదు డైరెక్టరు గారూ. పైగా మీరు వేసినవి వెయ్యి చెట్లు కావు. ఒకే చెట్టు కొమ్మలు తెచ్చి వెయ్యి చోట్ల అంటు కట్టారు. ఒక్క చెట్టే వెయ్యి చోట్ల నిలబడి ఉంది. దానికి పడని చలి వస్తే వెయ్యి చోట్లా ఒకేసారి చస్తుంది. లోయలో అలా కాదు. అక్కడ ఏ రెండు... ఆ గుండ్రటివాటి చెట్లూ..."

"ఏ గుండ్రటివి?" అన్నాడు డైరెక్టరు, మీసాల్లో నవ్వుకుంటూ.

"అవే, ఎర్రటివి..."

"ముల్లంగి!" అని ఎవరో అరిచారు. క్లబ్బు గొల్లుమంది. వదిన మొహం కందిపోయింది. అంతవరకూ చెప్పిన మంచిమాటంతా ఆ నవ్వులో కొట్టుకుపోతోంది. నేను లేద్దామనుకునేలోగా ముందు వరసలో నాన్న లేచాడు. గొర్రెతోలు టోపీ తీసి బల్ల మీద కొట్టాడు.

"చెప్పవే తల్లీ! నా పేరేగా! యాభై ఏళ్లనించి ఊరంతా పిలుస్తున్నారు, ఇంకా అరిగిపోలేదు. నువ్వు పిలిస్తే అరుగుతుందా? అల్మా అను!"

మామగారే నోరు విప్పి అలా అనడం మా ఊళ్లో ఎవరూ వినలేదు.

వదిన నాన్న వంక చూసింది. "అల్మా," అంది మెల్లిగా. తరవాత గట్టిగా, "అల్మా! మన లోయలో ఏ రెండు అల్మా చెట్లూ ఒకటి కావు. ఏ చలి వచ్చినా, ఏ తెగులు వచ్చినా, ఏదో ఒకటి తట్టుకునేది ఉంటుంది. ఏదని ముందు చెప్పలేం. అందుకే అన్నీ ఉండాలి" అని గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. ఆ ఒక్క సమావేశంలో అన్నేళ్లుగా దాచుకున్న అల్మాలన్నీ అనేసింది.

ఓట్లు సగం సగం అయ్యాయి. డైరెక్టరు తల గోక్కుని, "పైసగం సంగతి ఇంకో ఏడాది చూద్దాం" అన్నాడు. ఇంటికొస్తూ నాన్న, "ఏది తట్టుకుంటుందో చెప్పలేమన్నావు గానీ, నేను చెప్పగలను" అన్నాడు. వదినకి కూడా పౌరుషమొచ్చింది. బడి వెనక మొక్కల మీద పందెం వేసుకున్నారు. నాన్న ముళ్ల చెట్టుని ఎంచుకున్నాడు. "కష్టాలు పడ్డ మొహం దానిది, అది చావదు" అన్నాడు. వదిన నిటారుగా, అన్నిటికంటే ముందు చిగిర్చే చెట్టుని ఎంచుకుంది. దాన్ని యువరాజు అనేది. ఓడితే నాన్న ఒకరోజు బళ్లో పిల్లల బెంచీ మీద కూర్చుని పాఠం వినాలి. వదిన ఓడితే ఒకరోజు మంద కాయాలి.

ఆ ఏటి చలికాలం మొదట్లో ఏమీ లేదు. ఫిబ్రవరిలో వసంతం వచ్చినంత ఎండ కాసింది. చూర్ల నించి నీళ్లు కారాయి, తోటలో మొగ్గలు ఉబ్బాయి, మేం కోట్లు విప్పి పనిచేశాం. అప్పుడొచ్చింది ఉత్తరపు గాలి. ఒక్క పూటలో నీళ్లతొట్టి అడుగుదాకా గడ్డకట్టింది. పట్టపగలు తోటలో తుపాకులు పేల్చినట్టు చప్పుళ్లు. చెట్ల బెరళ్లు పగులుతున్నాయి. లోపల రసం కదలడం మొదలెట్టిన చెట్లని చలి పట్టుకుంది.

వసంతం వచ్చాక గోటితో బెరడు గీరుతూ వరసల వెంట నడిచాను. బతికిన చెట్టయితే లోపల పచ్చగా ఉంటుంది. నేను గీరిన ప్రతిదీ గోధుమరంగే. వరస చివరికొచ్చేసరికి కళ్లల్లో నీళ్లు ఆగలేదు. ఆ గుంతలు నేను తవ్వినవి. డైరెక్టరు ఒక బోర్లించిన పెట్టె మీద టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వదిన టీ కూజా తీసుకుని వస్తుంటే, ఇప్పుడు ఈవిడ ఏమంటుందో అని నాకు భయమేసింది. ఆవిడ గిన్నెలో టీ పోసి ఆయన చేతికిచ్చింది.

"ముందే చెప్పానుగా అని అను," అన్నాడు ఆయన.

"నేను చెప్పిందీ పూర్తిగా నిజం కాలేదండీ. మా యువరాజు చచ్చిపోయాడు," అంది వదిన. "రండి, చూపిస్తాను."

ముగ్గురం బడి వెనక్కి వెళ్లాం. యువరాజు నల్లగా మాడి ఉన్నాడు. నాన్న ముళ్ల చెట్టూ అంతే. కంచె మూల నిద్రమొహం గుంపుని గీరాను. పచ్చగా, తడిగా ఉంది. ఫిబ్రవరి ఎండకి అవి మేలుకోనే లేదు. లోకం వెచ్చబడిందని వాటికెవరూ చెప్పలేదు, చెప్పినా వినలేదు. గోడపక్క ఇంకో రెండు మొక్కలు కూడా బతికాయి. ఎందుకు బతికాయో వదిన కూడా కచ్చితంగా చెప్పలేకపోయింది. అక్కడ మంచు దిబ్బగా పడి కప్పేసి ఉంటుంది, అదృష్టం అంది.

డైరెక్టరు వంగి ఆ పొట్టి చెట్ల వంక చాలాసేపు చూశాడు. "వీటి పేరేంటి?"

"యెర్గాజీలు," అన్నాను.

"మీ ఆయనా?" అని ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

పందెం ఇద్దరూ ఓడారు కాబట్టి ఇద్దరూ కట్టాల్సొచ్చింది. వదిన ఒక ఆదివారం మంద తోలుకెళ్లింది. సాయంత్రం లెక్క పెడితే ఒక గొర్రె ఎక్కువొచ్చింది. తప్పిపోవడం చూశాం గానీ ఎక్కువరావడం ఎప్పుడూ చూడలేదని నాన్న నెత్తి కొట్టుకుంటూ, చెవి గంటు చూసి పొరుగూరి వాళ్లకి తోలిపెట్టాడు. వదిన మాత్రం, "నేను కాసిన మంద పెరిగింది, అది గమనించండి" అనేది.

నాన్న బడికి వెళ్లడం ఇంకా పెద్ద పండగ. పతకాలు పెట్టుకున్న కోటు వేసుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముందు బెంచీలో ఇరుక్కున్నాడు. ఊళ్లోవాళ్లు కిటికీల దగ్గర మూగారు. నేనూ ఉన్నాను. వదిన ప్రకృతి వరణం పాఠం చెప్పింది. పుట్టేవి చాలా, అన్నీ ఒకలా ఉండవు, తిండీ చోటూ అందరికీ చాలవు, ఆ కాలానికి సరిపోయినవి మిగిలి పిల్లల్ని కంటాయి, ఆ పిల్లల్లో తల్లిదండ్రుల పోలికలుంటాయి. నాన్న చెయ్యెత్తాడు.

"టీచరు గారూ, నేను ఏటా మంచి పొట్టేలుని ఏరి మందలో వదుల్తాను. కొండల్లో ఆ పని చేసే కాపరి ఎవరు?"

"కాపరి లేడు మావ... అల్మాబెక్ గారూ." మామగారి పేరు పూర్తిగా పలకడం అదే మొదలు. పిల్లలు ఓహో అన్నారు. "మీరు కళ్లతో చూసి ఏరుతారు. అక్కడ కళ్లు లేవు. చలి వస్తుంది, కరువు వస్తుంది, తోడేలు వస్తుంది. మిగిలినవి ఈనుతాయి. అంతే."

నాన్న ఆలోచించాడు. "కళ్లు లేకుండా ఇంత బాగా చేసిందా? నాకు కళ్లుండీ ఆ కుంటి పొట్టేలుని కొన్నానే!"

ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది. మళ్లీ ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

తరవాతి ఏళ్లల్లో తోట మళ్లీ వేశాం. ఈసారి లోయ పైభాగం నించి రకరకాల అడవి మొక్కలు తెచ్చి, వాటి మీద ఒకటి కాదు, పలు మేలురకాల అంట్లు కట్టాం. పైభాగం నరకడం అనే మాట డైరెక్టరు మళ్లీ ఎత్తలేదు. నరికేసిన కింది సగం మాత్రం పోయిందంటే పోయిందే. అందులో ఎలాంటి చెట్లుండేవో ఇక ఎవరికీ తెలీదు. వదిన ఆ మాట తలుచుకున్నప్పుడే దిగులుపడేది.

అందరూ నిద్రమొహం చెట్లే వేద్దామన్నారు. వదిన ఒప్పుకోలేదు. ఆవిడ మాట విన్నందుకు మంచే జరిగింది. ఇంకో ఏడు శరదృతువులోనే ముందుగా మంచు కురిసింది. లేవడం ఆలస్యమైనవి పడుకోవడం కూడా ఆలస్యమే కదా, ఆకులు రాల్చకుండా నిలబడి ఉన్నాయి. ఆకుల మీద మంచు బరువుకి వాటి కొమ్మలు పెళపెళా విరిగాయి. తక్కినవి హాయిగా ఉన్నాయి.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు నాన్న.

"మంచి చెట్టనేది లేదు మావయ్యా. ఆ ఏటికి ఆ చెట్టు."

నాన్న పోయి చాలా ఏళ్లయింది. అన్నయ్య కూడా మధ్యాహ్నం నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయాడు. వదిన బడి వెచ్చబెట్టే బొగ్గు దొరకని రోజుల్లో కూడా కోటు వేసుకునే పాఠాలు చెప్పి, చివరికి పిల్లల పిల్లలకి కూడా చెప్పి బడి మానేసింది. ఇప్పుడు మేమిద్దరం ముసలాళ్లం ఒకే ఇంట్లో ఉంటున్నాం. దెబ్బలాడుకోవడానికి మాకు ఇంకొకరు అక్కర్లేదు.

పోయిన వేసవిలో దెబ్బలాట బంగాళాదుంపల మీద. చారల పురుగు పట్టింది. నేను బజారులో మందు కొనుక్కొచ్చి కొట్టాను. మొదటి ఏడు దండిగా చచ్చాయి. రెండో ఏడు కొన్ని చచ్చాయి. పోయిన వేసవిలో రెట్టింపు కొట్టినా, ఆకు మీద కూర్చుని నా వంక చూశాయి.

"బజారువాడు నీళ్లు కలిపాడు," అన్నాను.

"నువ్వే పెంచావు గారాలమ్మా," అంది వదిన, అరుగు మీద కూర్చుని. "చచ్చేవాటిని చంపావు. మిగిలినవి చావనివాటి పిల్లలు. ఇంకో రెండేళ్లు కొట్టు, ఆ మందునే మేస్తాయి."

"తెలిసినదానివి ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నువ్వు రేడియో పెద్దగా పెట్టుకున్నావు."

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరం చెరో డబ్బాలో కిరసనాయిలు పోసుకుని, వరసల మధ్య వంగి పురుగుల్ని చేత్తో ఏరుతున్నాం. చేతికి అలవాటుపడేవి కూడా పుడతాయా అని అడిగాను. ఆకు కింద దాక్కునేవి మిగులుతాయి, వచ్చే ఏడు ఇంకా కిందకి వంగాలి అంది. నాకు నడుం నొప్పి. ఆవిడ వరస నాకంటే ముందుగానే అయిపోతుంది, ఎందుకంటే ఆవిడ పొట్టిది, వంగక్కర్లేదు.